ఒక విద్యార్థి విషాదయోగము

భగవద్గీతలోని ప్రథమాధ్యాయమునకు అర్జున విషాదయోగమని పేరు. విషాదమును కూడ నొక యోగముగా లెక్కించిన మన పెద్దల చూపు సామాన్యమైనది కాదు. విల్లు చేతినుండి జాఱిపోవుట పిఱికివానికి గాక, ద్రోణాచార్యుల శిష్యులలో మొదటివానికే సంభవించినట్లు ఆ గ్రంథము చెప్పుచున్నది. మేమీ వ్యాసములో చెప్పదలచినది మఱియొక విషాదయోగమును గుఱించి. ఇందలి నాయకుడు విలుకాడు కాడు, విద్యార్థి. కాలము 1826. స్థలము లండను నగరము. ఆతనికి రథసారథి దొరకలేదు. ఆతనిని తేఱుకొనజేసినవి యొక ఫ్రెంచి గ్రంథములోని కొన్ని పుటలు, ఒక సంగీతనాటకములోని స్వరములు, ఒక కవి పద్యములు. ఆ విద్యార్థియే తరువాతి కాలమున వ్యక్తి స్వాతంత్ర్యమును గుఱించియు, స్త్రీల పరాధీనతను గుఱించియు గ్రంథములు రచించి లోకప్రసిద్ధి గాంచిన జాన్ స్టూవర్టు మిల్లు.

ఇప్పుడీ ప్రసంగమేల యని చదువరులడుగవచ్చును. ఉపాధ్యాయులమైన మాకు దీనికంటె దగ్గఱి విషయము లేదు. 2022లో మన దేశమున ప్రాణములు తీసికొన్న విద్యార్థుల సంఖ్య 13,000 దాటినదని జాతీయ నేర గణాంక సంస్థవారి నివేదిక తెలుపుచున్నది. 2019 ఏప్రిలులో తెలంగాణమున ఇంటర్మీడియట్ ఫలితములు వెలువడిన కొలది దినములలోనే పలువురు బాలబాలికలు మరణించిరి. ఆ ఫలితములలో తప్పులు దొరలినట్లు పిమ్మట విచారణలో తేలినది. ఇట్టి వార్త వచ్చినప్పుడెల్ల మన పత్రికలును పాఠశాలలును ఒకే హితవు చెప్పుచుండును: కథలు చదువుడు, పాటలు వినుడు, మనసులోని మాట కాగితముపై వ్రాయుడు. ఈ హితవు తప్పని మేమనము. మేమును తరగతిలో పలుమాఱులు చెప్పినవారమే. కాని జ్వరమునకు కషాయము చెప్పినట్లు చెప్పితిమేగాని, ఆ మందు ఎట్లు పనిచేయునో, ఎప్పుడు పనిచేయదో మేమెఱుగము. మిల్లు స్వీయచరిత్రములోని యైదవ యధ్యాయమును నెమ్మదిగా చదివిన పిమ్మటనే ఈ విషయమున మాకు కొంత వెలుగు కనబడినది. తన మనసు విఱిగిన తీరును, అది మఱల అతికిన తీరును ఇంత నిదానముగా, తనపై జాలి పడకుండ, వ్రాసికొన్న విద్యార్థి మాకు వేఱొకడు కనబడలేదు.

మిల్లు 1806 మే 20న జన్మించెను. తండ్రి జేమ్స్ మిల్లు స్కాట్లండు దేశస్థుడు. చెప్పులు కుట్టువాని యింట పుట్టి కేవలము విద్యచేత పైకి వచ్చినవాడు. బెంథాము పండితునికి ఆప్తుడు. అధికసంఖ్యాకులకు అధికసౌఖ్యము కలిగించునదే ధర్మమని వాదించిన పండితుడీ బెంథాము. ఆ మతమునకు తగిన వారసుని తయారుచేయవలెనని జేమ్స్ మిల్లు తన జ్యేష్ఠపుత్రుని బడికి పంపక తానే చదువు చెప్పెను. మూడవయేట గ్రీకుభాష ప్రారంభమైనది. చిన్న చిన్న చీటీలపై గ్రీకుపదమును, దాని కింగ్లీషు అర్థమును వ్రాసి తండ్రి యిచ్చుచుండెను. ఎనిమిదవయేట లాటిను మొదలైనది. ఆ యేటినుండియే తాను నేర్చినదానిని చెల్లెండ్రకు, తమ్ములకు నేర్పవలసిన భారమును పైబడినది. వారు పాఠము సరిగా అప్పగింపనిచో మాట ఈతడు పడవలెను. పండ్రెండవయేట తర్కము, పదుమూడవయేట అర్థశాస్త్రము.

తండ్రి యప్పుడు హిందూదేశ చరిత్రమును వ్రాయుచుండెను. ఒకే బల్లకు ఒకవైపున తండ్రి మన దేశమును కన్నులార చూడకయే మన చరిత్రమును వ్రాయుచుండగా, రెండవవైపున కుమారుడు గ్రీకుపాఠము చదువుచుండెను. గ్రీకునకు ఇంగ్లీషు అర్థములు గల నిఘంటువు ఆ బాలునికి దొరకలేదు. ఉన్న నిఘంటువులు లాటినులో నుండెను. లాటిను వానికింకను రాదు. కావున తెలియని ప్రతిపదమునకు తండ్రి నడుగవలసివచ్చెడిది. ఓర్పు బొత్తిగా లేని యా మనుష్యుడు ఈ యంతరాయము నంతను సహించి, మాటిమాటికి కలము నాపి యర్థము చెప్పుచు, మధ్యమధ్య తన సంపుటములను పూర్తిచేసికొనెను. మన దేశమును గుఱించి యాయన వ్రాసిన కఠినవాక్యములను మేము క్షమింపలేముగాని, ఈ యొక్క విషయమున మాత్రము ఆయనకు నమస్కరింపవలసినదే.

ఉదయమున ఫలాహారమునకు ముందు తండ్రికొడుకులు పొలములవెంట నడచుచుందురు. ముందటి దినమున చదివిన చరిత్రగ్రంథముల సారమును కుమారుడు చీటీలపై గుర్తు వేసికొని, వానిని చూచుచు తండ్రికి వినిపించును. అంతటి బాలునికి సెలవులు లేవు. తోడిపిల్లలతో ఆటలు లేవు. ఆటవస్తువులు దాదాపు లేవు. కథల పుస్తకములు మాత్రము బొత్తిగా లేకపోలేదు. రాబిన్సన్ క్రూసో కథ బాల్యమంతయు నీతనికి ప్రాణము. అరేబియా రాత్రుల కథలును, డాన్ క్విక్సోటును తండ్రియే యెరువు తెచ్చి యిచ్చెను. అనగా కథారస మెట్టిదో ఈ బాలుడెఱుగును. తరువాత జరిగినదానిని గ్రహించుటకీ చిన్న సంగతి జ్ఞాపకముంచుకొనవలెను.

చదువరులీ తండ్రిని క్రూరుడని త్రోసివేయరాదు. ఆఱవ తరగతి పిల్లవానిని ఐ.ఐ.టి. పునాది తరగతులలో చేర్చి, తెల్లవాఱుజామున లేపి, రాత్రి పదిగంటలవఱకు చదివించు తండ్రులు మన పట్టణములలో వీధి వీధికి నున్నారు. వారికిని బిడ్డలపై ప్రేమ కలదు. జేమ్స్ మిల్లు వీరికంటె నొక మెట్టు మేలు. కుమారుని కంఠస్థము చేయనిచ్చువాడు కాడు. స్వయముగా ఆలోచించి కనుగొనలేనిదానిని మాత్రమే తాను చెప్పెడివాడు. ఆ విద్యలో లోపించినది బుద్ధివికాసము కాదు. మఱేమి లోపించెనో కుమారునికే యిరువదేండ్ల వయసున తెలియవచ్చినది.

1823 మేలో, పదునేడవయేట, మిల్లు ఈస్టిండియా కంపెనీ కార్యాలయమున తండ్రి క్రింద ఉద్యోగమున చేరెను. పగలు ఇండియానుండి వచ్చు కాగితముల పని. మిగిలిన వేళలందు చదువు, పత్రికలకు వ్యాసములు, మిత్రులతో చర్చాసభలు. ఇవి చాలనట్లు, సాక్ష్యమును గుఱించి బెంథాము వేర్వేఱు కాలములందు వ్రాసి పడవైచిన చిక్కుపడిన వ్రాతప్రతులను ఒక్కటిగా కూర్చి యైదు సంపుటముల గ్రంథముగా సిద్ధపఱచెను. అది 1827లో అచ్చుపడినది. మేమా గ్రంథమును చూచితిమి. దానిని కూర్చినవాడు ఇరువదేండ్లైన నిండని యువకుడని తలచినప్పుడు మాకు సంతోషమునకంటె భయమే యధికముగా కలిగినది.

1826 శరత్కాలమున ఈతని మనసు మందగించి యుండెను. ఎందునను ఉత్సాహము లేదు. అట్టి వేళ నొకనాడు తన్నుతానొక ప్రశ్న వేసికొనెను. లోకమున తాను కోరుచున్న సంస్కరణము లన్నియు ఈ క్షణముననే నెఱవేఱినచో తనకు గొప్ప యానందము కలుగునా? కలుగదని లోపలినుండి తడబాటు లేని యుత్తరము వచ్చినది. అంతతో నతని జీవితమునకు ఆధారముగా నున్న కట్టడమంతయు కూలిపోయినది. రాత్రి నిద్రించిన తెల్లవాఱునప్పటికి తగ్గునేమో యనుకొనెను, తగ్గలేదు. ఇష్టమైన పుస్తకములను తెఱచి చూచెను; వానిలో రుచి లేకపోయెను. నెలలు గడచినవి. ఇట్టి బ్రదుకును ఒక సంవత్సరమునకు మించి భరింపలేనని తలచు స్థితికి వచ్చెను.

ఉపాధ్యాయులను తల్లిదండ్రులను మేమిచట కొంచెము నిలిచి చూడవలసినదిగా వేడుచున్నాము. ఈ దినములలో మిల్లు ఏమి చేయుచుండెను? ప్రతిదినమును కార్యాలయమునకు పోవుచునే యుండెను. సభలలో ఉపన్యసించుచునే యుండెను. అలవాటుచేత పనులన్నియు యంత్రమువలె నడచినవి. తానా సంవత్సరమున ఏమి మాటలాడెనో తరువాత ఆతనికి జ్ఞాపకము లేదుగాని, వినినవారికి లోటు కనబడినట్లు లేదు. మన భాషలో చెప్పవలెనన్న, మార్కులు తగ్గలేదు. మేము మార్కుల పట్టికను చూచి పిల్లల మనసును చదివితిమనుకొను వారము. ఆ పట్టికలో నిట్టి వ్యాధి కనబడదు.

తండ్రితో చెప్పలేకపోయెనా? ఇదియే ఈ కథలో మిక్కిలి దుఃఖకరమైన భాగము. ఏ కష్టము వచ్చినను సలహా కొఱకు తండ్రియొద్దకే పోవు కుమారుడు, ఈ కష్టమున మాత్రము ఆయనయొద్దకు పోరాదని నిశ్చయించుకొనెను. తన విద్య యంతయు ఆయన చేతిపని. ఆ పని యిట్లు ముగియునని ఆయన కలలోనైన తలచి యుండడు. చెప్పినచో ఆయనకు క్లేశము, తనకు ఫలము శూన్యము. ఇట్లాలోచించి నోరు మూసికొనెను. చెప్పుకొనదగిన స్నేహితుడును అప్పుడు లేడు. తండ్రిని నొప్పింపరాదను ప్రేమచేతనే బిడ్డ మూగవాడగుట మన యిండ్లలో క్రొత్త సంగతి కాదు.

కారణమును మిల్లే వెదకి చూచెను. చిన్ననాటినుండి ప్రతివిషయమును విడదీసి పరిశీలించుటయే తనకు నేర్పిరి. విడదీయు బుద్ధి పొరపాటులను తెంచుటకు మంచి కత్తి. కాని మనసునకు ఇతర వస్తువులతో ముడివేయు ప్రీతులను కూడ నాకత్తియే తెంచివేయును. ఓడకు చుక్కాని యమర్చిరిగాని తెరచాప కట్టలేదని ఆతని తలంపు. తనకిక రసము లేదు, తాను ఱాయినో మ్రానునో యైపోయితిననునదియే ఆతని నిజమైన భయము.

ఆ భయమును పోగొట్టినది మార్మొంటెలు అను ఫ్రెంచి రచయిత వ్రాసిన జీవితజ్ఞాపకములు. తన బిడ్డల శిక్షణ కొఱకొక తండ్రి వ్రాసిన జ్ఞాపకములని ఆ గ్రంథమునకు పేరు. రచయిత మరణించిన పిమ్మట 1804లో అది వెలువడినది. అందులో మార్మొంటెలు తన తండ్రి మరణమును వర్ణించెను. కుటుంబము దిక్కులేనిదై కుమిలిపోవుచుండగా, ఇంకను బాలుడైన రచయితకు ఉన్నట్లుండి యొక ధైర్యము కలిగి, మీకందఱకు నేనున్నాను, పోయినవాని స్థానమున నేను నిలిచెదనని వారికి చెప్పి వారిచే నమ్మించెను. ఈ పుటలు చదువుచుండగా మిల్లునకా దృశ్యము కన్నులకు కట్టినది. కన్నీరు వచ్చినది. ఆ క్షణమునుండియే బరువు తగ్గినదని యాతడు వ్రాసెను. కన్నీరు వచ్చెను గనుక తనలో రసము చావలేదు. చావలేదు గనుక ఆశ యున్నది.

ఇందులో తండ్రి మరణము, కుమారుడు ఆ స్థానమున నిలుచుట యను విషయములను పట్టుకొని, మిల్లునకు లోలోపల తండ్రిపై తిరుగుబాటు కలదని ఇరువదవ శతాబ్దమున కొందఱు పండితులు వ్యాఖ్యానించిరి. కావచ్చును. మాకు ముఖ్యముగా తోచినది వేఱు. ఆ కథ మిల్లునకు ఉపదేశ మేమియు చేయలేదు. నిరాశ పడకుమనియు, పట్టుదలతో పైకి రమ్మనియు చెప్పలేదు. ఎవరో పరదేశపు బాలుని యింట జరిగిన దుఃఖమును చూపినది, అంతే. తన్నుగుఱించియే తవ్వుకొనుచున్న మనసు ఒక గడియ పరుల దుఃఖములో మునిగి పైకి వచ్చినది. అంతకుముందే మిల్లు తన స్థితి బాగుగా లేని దినములలో బైరను కవిని చదివి చూచెను. బైరను నాయకులు సుఖములన్నియు అనుభవించి విసిగినవారు. వారి జబ్బు తన జబ్బే యగుటచేత మందు దొరకలేదు. కావున బాధలోనున్న పిల్లవానికి వాని బాధవంటి కథనే యేఱి యిచ్చుట మేలని తలచువారు కొంచెమాలోచింపవలెను.

మన దేశమున కథతో చదువు చెప్పుట నిన్న మొన్నటిది కాదు. అమరశక్తి యను రాజు తన ముగ్గురు కుమారులకు చదువు అబ్బక విసిగియుండగా, విష్ణుశర్మ వారిని ఆఱునెలలలో నీతిజ్ఞులను చేసెదనని పూని పంచతంత్రము చెప్పెనని గదా కథ. ఆ పంచతంత్రమునుండియే చిన్నయసూరి 1853లో నీతిచంద్రికను రచించెను. ఆ గ్రంథమును మేమెట్లు చదివితిమి? సంధులు విడదీయుచు చదివితిమి. ప్రతివాక్యమున సమాసము పేరు చెప్పుచు చదివితిమి. దమనకుడు కరటకునితో నేమనెనో మాకు పట్టలేదు. ఆ మాటలో దుగాగమ మున్నదా రుగాగమ మున్నదా యనునదియే పట్టినది. ఇరువదేండ్లుగా మేమును అట్లే బోధించుచున్నాము. మిల్లు వర్ణించిన విడదీయు కత్తి మా చేతిలోనే యున్నది. కథను పాఠముగా మార్చి, పాఠమును ప్రశ్నగా మార్చి, ప్రశ్నకు రెండు మార్కులు వేసిన పిమ్మట, కథ చదివి సేదదీరుమని బాలునితో నేమోము పెట్టుకొని చెప్పగలము?

మా తప్పొకటి యిచట ఒప్పుకొనవలసి యున్నది. కొన్నియేండ్ల క్రిందట సాయంకాలపు చదువువేళ నొక బాలుడు గణితపుస్తకము చాటున కథలపుస్తకము పెట్టుకొని చదువుచుండెను. మేము దానిని లాగికొని బీరువాలో పెట్టి తాళము వేసితిమి. పరీక్షలైన పిమ్మట వచ్చి తీసికొమ్మంటిమి. వాడు రాలేదు. సిగ్గుపడెనో, మఱచెనో, వానికే తెలియవలెను. ఆ పుస్తకమిప్పటికిని మా యొద్దనే యున్నది.

ఇక సంగీతము. మిల్లునకు చిన్ననాటినుండి ఇష్టమైన కళ యిదియొక్కటియే. అట్లయినను, దుఃఖము ముదిరియున్న నెలలలో సంగీతము ఆతనికేమియు చేయలేకపోయెను. పలుమాఱులు ఆశ్రయించి చూచెను; వీణ మ్రోగుచునే యుండెనుగాని లోపల తీగ కదలలేదు. మార్మొంటెలు చదివి మనసు కొంత మఱలిన పిమ్మటనే సంగీతము చేయూత నిచ్చినది. జర్మనీ దేశపు వేబరు రచించిన ఆబెరాను అను సంగీతనాటకము 1826 ఏప్రిల్ 12న లండనులోనే మొదటిసారి ప్రదర్శింపబడెను. క్షయరోగముతోనే వచ్చి దానిని నడిపించిన వేబరు, రెండునెలలైన గడువకముందే, జూను 5న ఆ నగరముననే కన్ను మూసెను. చావు దగ్గఱపడిన వాని స్వరములు బ్రదుకు విసిగిన వానికి ప్రాణము పోసినవి. ఆనందపడు శక్తి తనలో నింకను చెక్కుచెదరలేదని మిల్లు వానివలన తెలిసికొనెను.

ఈ వరుసను మేము ముఖ్యముగా గమనింపవలసి యున్నది. ముందు కథ, పిమ్మట పాట. బాధ గాఢముగా నున్న వేళ పాట పనిచేయక పోవచ్చును. పాట విన్నను మనసు కుదుటపడలేదని చెప్పిన పిల్లవానిని, నీవు సరిగా వినలేదని మందలించుట వానిని రెండవసారి పరీక్షలో తప్పించుటయే. అట్టివానికి కావలసినది పాటల జాబితా కాదు. కూర్చుండబెట్టుకొని వినెడి మనుష్యుడు, అవసరమైనచో వైద్యుడు. 2022 అక్టోబరులో ప్రభుత్వమువారు టెలిమానస్ అను పేర 14416 సంఖ్యతో ఉచితముగా సలహా నిచ్చు ఏర్పాటు చేసిరి. ఆ సంఖ్యను మా తరగతిగది తలుపు లోపలివైపున అంటించితిమి. మిల్లునకట్టి తలుపు లేదు.

సంగీతానందములో కూడ నీతనికొక వింత దిగులు పట్టినది. అష్టకములో నున్నవి అయిదు స్వరాంతరములు, రెండు అర్ధాంతరములు. వీనిని కలుపు తీరులు పరిమితమైనవి. వానిలో సొంపైనవి యింకను తక్కువ. వానిలో ననేకము లిప్పటికే కనుగొనబడి యుండును. కావున మొజార్టు, వేబరుల వంటివారికి ముందు ముందు క్రొత్తపాటలు దొరకవేమో! సూర్యుడు ఆఱిపోవునని వ్యాకులపడిన లాపుటా ద్వీపపు పండితులవంటి దిగులిది యని మిల్లే తరువాత నవ్వుకొనెను. మేమును నవ్వుకొంటిమి. ఎందుకనగా, పదునేడవ శతాబ్దమున తంజావూరులో వేంకటమఖి యిట్టి లెక్కయే వేసెను. చతుర్దండీప్రకాశికలో మేళములు డెబ్బదిరెండని తేల్చెను. ఆ లెక్క చూచి దక్షిణదేశమున నెవ్వరును ఏడ్వలేదు. పైగా త్యాగరాజస్వామివారు పుట్టి, ఆ మేళములలో పలువానికి తెలుగు కృతులతో రూపము కల్పించిరి. పాటను గణితముగా చూచి దిగులుపడుట మిల్లు పెంపకములోని దోషమేగాని పాటలోనిది కాదు.

1828 శరత్కాలమున మిల్లు వర్డ్సువర్తు కవిత్వమును మొదటిసారి చదివెను. 1815లో రెండు సంపుటములుగా వెలువడిన కూర్పది. పదునాలుగేండ్ల వయసున ఫ్రాన్సులో నుండగా చూచిన పిరనీసు పర్వతములు ఆతని మనసులో నుండెను. ఈ కవి వర్ణించిన కొండలు వానిని మఱల మేల్కొలిపినవి. కొండల సొంపు ఒక్కటియే చాలదనియు, ఆ సొంపుతో ముడివడిన ప్రశాంతమైన భావము తనకు మందైనదనియు ఆతడు వ్రాసెను. వర్డ్సువర్తుకంటె గొప్పకవులు కలరని యెఱిగియు, ఆ వేళకు తనకు కావలసినవాడితడే యని మిల్లు చెప్పుట మాకు మిక్కిలి నచ్చినది. గ్రంథాలయమున ఉత్తమగ్రంథమేదో తేల్చు విమర్శకుడు వేఱు. నేడు ఈ పిల్లవానికి ఏ గ్రంథమని చూచు ఉపాధ్యాయుడు వేఱు.

వ్రాత మిగిలియున్నది. మిల్లు చిన్ననాటినుండి వ్రాయుచునే యుండెను. కాని యా వ్రాత యెట్టిది? తండ్రికి అప్పగించుటకు చేసికొన్న చీటీలు, బెంథాము గ్రంథమునకు టిప్పణములు, పత్రికలకు వాదములు. అన్నియు నితరులకు జవాబుదారీ వ్రాతలు. తన్ను బాధించినదానిని మాత్రము ఆ చీకటి నెలలలో నెవరికిని చెప్పలేదు. 1829 ఏప్రిలులో జాన్ స్టెర్లింగు అను మిత్రునకు వ్రాసిన లేఖలో తన యొంటరితనము నొప్పుకొనెను. పూర్తికథను వ్రాయుటకు ఆతనికి పాతికేండ్లకు పైగా పట్టినది. 1853, 54 సంవత్సరములలో స్వీయచరిత్రమును మొదటిసారి వ్రాసి, పిమ్మట దిద్దుచు దాచియుంచెను. 1873లో ఆతడు మరణించిన పిమ్మటనే లోకమునకు తెలిసినది. తండ్రి 1836లోనే మరణించెను.

వ్రాతచేత మనసు తేలికపడుననునది కేవలము కవుల మాట కాదని తరువాతి శాస్త్రజ్ఞులును చూపిరి. 1986లో పెన్నిబేకరు, బీలు అను అమెరికా దేశపు మనశ్శాస్త్రజ్ఞులు 46 మంది కళాశాల విద్యార్థులచే నాలుగు దినములు, దినమునకు 15 నిమిషముల చొప్పున వ్రాయించిన ప్రయోగమును ప్రకటించిరి. కొందఱు సామాన్యవిషయములను వ్రాసిరి. కొందఱు తమకు జరిగిన ఘోరవిషయములలో సంగతులను మాత్రము వ్రాసిరి. కొందఱు సంగతులతోపాటు తమ మనసున కలిగినదానిని కూడ వ్రాసిరి. ఈ కడపటివారికి వ్రాసిననాడు దుఃఖము హెచ్చినదట. కాని తరువాతి ఆఱునెలలలో వారు వైద్యశాలకు పోవుట తగ్గినది. సంగతులను మాత్రము వ్రాసినవారికి మేలు కనబడలేదు. ఇట్టి ప్రయోగములు 146 పరిశీలించి 2006లో ఒక పండితురాలు మేలు నిజమేగాని కొంచెమే యని తేల్చెను. ఆ కొంచెమును మేము కొంచెముగానే తీసికొనెదము. చీటీలపై సంగతులు వ్రాయుటలో మిల్లునంతటి దిట్ట లేడు. ఆ వ్రాత ఆతనిని కాపాడలేదు.

ఈ కథ దూరదేశపుదని తలచువారికి రెండు మాటలు. మిల్లు కంపెనీ కొలువులో 1858 వఱకు నుండెను. ఆ కొలువులో నుండగా 1836లో, మన దేశమున సంస్కృతాది విద్యలకు సహాయము తగ్గించి ఇంగ్లీషునే పోషింపవలెనన్న నిర్ణయమును వ్యతిరేకించుచు నొక లేఖ సిద్ధపఱచెను. పైయధికారి దానిని త్రోసివేసెను. 1857లో చెన్నపురి విశ్వవిద్యాలయము లండను విశ్వవిద్యాలయపు పద్ధతిని ఏర్పడినది. చదువు చెప్పుట దానికి ముఖ్యకార్యము కాదు, పరీక్ష చేయుటయే ముఖ్యము. ఆ పరీక్షలో తప్పుట యనునది నాటినుండి మన యిండ్లలో నొక భయమైనది. కుంభకోణము కళాశాలలో గణితము తప్ప వేఱొకటి పట్టని రామానుజుడు ఇంగ్లీషులో తప్పి, విద్యార్థివేతనము పోగొట్టుకొని, 1905లో ఇల్లు విడిచి మన విశాఖపట్టణమునకు పాఱివచ్చెను. ఆ బాలునికి తన గణితమే కథయు పాటయు వ్రాతయు నైనది. ప్రతిబాలునికి అట్టి యాధార ముండదు.

మేము గడచిన రెండు సంవత్సరములనుండి శనివారపు కడపటి గంటను వేఱుగా నుంచితిమి. ఆ గంటలో నొక కథ చదువుదుము, ప్రశ్నలడుగము. పాడగలవా రెవరైన నున్న పాడుదురు. పిమ్మట పావుగంట యెవరి పుస్తకములో వారు వ్రాసికొందురు. ఆ పుస్తకములను మేము తెఱవము, దిద్దము. ఇచ్చినచో మాత్రము చదువుదుము. మొదటి సంవత్సరమున ఇచ్చినవారు ఇద్దఱు. ఈ సంవత్సరము తొమ్మండుగురు ఇచ్చిరి. వారిలో నొకనిని వాని తండ్రితోకూడ కూర్చుండబెట్టుకొని మేము రెండు సాయంకాలములు మాటలాడవలసి వచ్చినది. ఆ శనివారపు గంటను కూడ గణితమునకే యిచ్చివేయవలెనని తల్లిదండ్రులు కొందఱు ప్రధానోపాధ్యాయులకు విజ్ఞాపన మిచ్చియున్నారు. ఆయన మా యభిప్రాయమును వ్రాతమూలకముగా తెలుపుమన్నారు. ఈ వ్యాసపు ప్రతి నొకదానిని వారికి పంపుచున్నాము.